డాక్టర్ బాబు డిస్పోజల్ జీపు

రెండో ప్రపంచయుద్ధం కోసం కలకత్తా రేవులో దిగిన జీపుల్లో కొన్ని, నేను బడికి వెళ్ళే రోజుల్లో కూడా లిలువా రోడ్ల మీద తిరుగుతూనే ఉండేవి. 1960ల చివరి మాట, 70ల మాట. హౌరాలో రైలు కదిలాక మొదట వచ్చే స్టేషను లిలువా. రైల్వే వర్క్‌షాపు, దాన్ని అంటిపెట్టుకుని మా క్వార్టర్లు, కాస్త అవతల గ్రాండ్ ట్రంక్ రోడ్డు. ఆ రోడ్డు మీద లారీలు, అంబాసిడర్లు, రిక్షాల మధ్య పొట్టిగా, తలుపుల్లేకుండా, చదును ముక్కుతో ఒక బండి వస్తోందంటే అది ఏ కంట్రాక్టరుదో, కలప వ్యాపారిదో, లేదంటే మా డాక్టర్ బాబుదో అయ్యుండాలి. సైన్యం వాడి వేలంలో అమ్మేసింది గనక అందరూ దాన్ని డిస్పోజల్ జీపు అనేవాళ్ళు.

ఇప్పుడు అలాంటి బండ్లు కొత్త ఆకుపచ్చ రంగుతో, బానెట్ మీద తెల్ల నక్షత్రంతో ర్యాలీల్లో కనిపిస్తున్నాయి. వాటిని కాపాడుతున్నవాళ్ళంటే నాకు గౌరవం. డబ్బు పోసి, ఏళ్ళు పోసి ఒక బండిని నిలబెట్టడం చిన్న పని కాదు. అయినా నా మనసులో ఒక మాట చాలాకాలంగా ఉంది. ఆ జీపులు సైన్యంలో పనిచేసింది మూడు నాలుగేళ్ళు. జనం మధ్య బతికింది ముప్ఫై నలభై ఏళ్ళు. ఆ రెండో బతుకును చూసినవాళ్ళం మేము. దాన్ని ఎవరూ రాసిపెట్టలేదు.

మా నాన్నది పలాస దగ్గర పల్లె. యుద్ధం అంటే ఆయన తరానికి ముందు గుర్తొచ్చేది 1942 ఏప్రిల్ 6. ఆ రోజు విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. అదే ఏడాది డిసెంబరు 20 రాత్రి కలకత్తా మీద వేశాయి. బర్మా అప్పటికే చేజారిపోయింది. చైనాకూ, బర్మా సరిహద్దుకూ సామాను అందించడానికి కలకత్తా పెద్ద స్థావరమైంది. ఖిదిర్‌పూర్ వైపు రేవుల్లో ఓడల నుంచి లారీలు, జీపులు, తుపాకులు, డబ్బాల్లో తిండి దిగేవి. చాలా జీపులు చక్రాలు విప్పి చెక్కపెట్టెల్లో కూరి వచ్చేవట. అక్కడి నుంచి రైల్లో అస్సాం. కటిహార్ నుంచి లేడో దాకా రైలు దారిని 1944 మార్చి 1 నుంచి అమెరికన్ సైన్యం స్వయంగా నడిపింది. లేడో నుంచి కొండల మీదుగా వేసిన రోడ్డు మీద మొదటి వాహనశ్రేణి 1945 జనవరి 12న బయలుదేరి ఫిబ్రవరి 4న చైనాలోని కున్‌మింగ్ చేరింది.

మా కాలనీలో వీటన్నిటికన్నా ఇష్టంగా చెప్పుకునే కథ ఇంకొకటి ఉంది. ఉత్తర బర్మాలో పట్టాలు మిగిలి, ఇంజన్లు లేకుండాపోయిన చోట జీపులకు టైర్లు తీసేసి రైలు చక్రాలు తొడిగి, వాటితో వ్యాగన్లు లాగించారు. టన్నుకు కాస్త ఎక్కువ బరువున్న బండి, 60 గుర్రాల శక్తి ఇంజను, వెనక సామాను నిండిన పెట్టెలు! రైలు పని చేసేవాళ్ళకు అది ఎంత గొప్పగా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. ఆ కథతో జీపు మా వాళ్ళ దృష్టిలో సగం రైలింజను అయిపోయింది.

ఇక్కడ మరో బండిని కూడా తలుచుకోవాలి. యుద్ధకాలంలో మన రైల్వే వర్క్‌షాపులు కెనడా నుంచి వచ్చిన ఫోర్డు చాసిస్‌ల మీద ఉక్కు కవచం బిగించి సాయుధ బండ్లు కట్టాయి. కవచపు రేకు జంషెడ్‌పూర్ టాటా కర్మాగారానిది. అందుకని సైనికులు వాటిని టాటానగర్‌లు అనేవారు. నాలుగున్నర వేలకు పైగా తయారయ్యాయి. నేను మాత్రం రోడ్డు మీద ఒక్కటి కూడా చూడలేదు. ఇనుప పెట్టెలాంటి ఆ బండితో ఊరికి పనేమీ లేదు, కోసి కరిగించేశారు. జీపుతో పని పడింది, కాబట్టి మిగిలింది. యుద్ధం బండ్లలో ఏది బతికింది, ఏది చచ్చింది అన్నది ఆ వేలం పాటల నాడే తేలిపోయింది. అప్పుడెవరూ చరిత్రను కాపాడుతున్నామనుకోలేదు. రోడ్డు లేని చోటికి వెళ్ళే బండి కావాలి, అంతే.

వేలం అంటే చిన్న వ్యవహారం కాదు. 1946లో అమెరికాకూ మన ప్రభుత్వానికీ లెక్కలు తేలాక, తిరిగి మోసుకెళ్ళడం దండగనిపించిన సామానంతా ఇక్కడే ఉండిపోయింది. బర్ద్వాన్ దాటాక పానాగఢ్‌లో యుద్ధకాలపు పెద్ద స్థావరం ఉండేది. అక్కడ పడివున్న విమానాల తుక్కుకు 1946 నవంబరులో 10 లక్షల రూపాయల బేరం కుదిరింది. కొన్నవాళ్ళు పావు వంతు, అంటే రెండున్నర లక్షలు ముందుగా కట్టి మిగతాది కట్టలేకపోయారు. ఆ బయానా ఎవరిదన్న తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1969లో గానీ తేలలేదు. అమ్మినవాళ్ళకే చెందుతుందని తీర్పు. తుక్కు మీద అంత డబ్బు నడిచిన రోజులవి. ఆ తర్వాత కూడా పానాగఢ్ పాత బండ్ల బజారుగానే మిగిలిపోయింది. గ్రాండ్ ట్రంక్ రోడ్డు పక్కన కోసిన లారీ తలలు, గేర్ బాక్సులు గుట్టలుగా ఉండేవి. కల్యాణి ఊరు వెలిసింది కూడా ఒకప్పటి అమెరికన్ స్థావరం నేల మీదే.

డాక్టర్ బాబు జీపు ఏ గుట్టలోంచి వచ్చిందో ఆయనకే సరిగ్గా తెలియదు. ఆయన మూడో యజమాని. ఇల్లు బేలూరు వైపు, డిస్పెన్సరీ మా కాలనీకి దగ్గర. వానాకాలంలో హౌరా సందుల్లో మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి. ప్రసవం కేసు వస్తే రిక్షావాడు రానంటాడు. అంబాసిడర్ మధ్యలో ఆగిపోతుంది. అందుకని ఆ బండి కొన్నారు. దాని బాగోగులు చూసింది మా నాన్న, నాన్నతో పాటే రైల్వే వర్క్‌షాపులో టర్నరుగా చేసే మావయ్య. మావయ్యది టెక్కలి. నాన్నకు వరసకు బావ. ఇద్దరూ జీతానికి చేసింది లేదు. ఆయన మా పిల్లలెవరి దగ్గరా ఫీజు పుచ్చుకోలేదు, వీళ్ళు ఆయన బండికి కూలి పుచ్చుకోలేదు.

ఆదివారం పొద్దున్నే జీపు మా క్వార్టరు ముందు వేపచెట్టు కింద ఆగేది. పానాలు అందించే పని నాది. ఆ బండి బోల్టులన్నీ అంగుళాల లెక్క. "అమ్మడూ, నాలుగు నూళ్ళ పానా" అంటే అరంగుళంది ఇవ్వాలి. "నాలుగున్నర" అంటే దాని పక్కది. పదేళ్ళు నిండకముందే నాకు ఏ పానా ఎక్కడ పడుతుందో కంటిచూపుతో తెలిసిపోయేది. డాక్టర్ బాబు "ఖుకీ (చిన్నపిల్ల) పెద్దయ్యాక ఇంజనీరవుతుంది" అనేవారు. మా అమ్మ ఇత్తడి గ్లాసుల్లో టీ పట్టుకొచ్చేది. డాక్టర్ బాబు వచ్చేటప్పుడు ఠోంగాలో, అంటే కాగితం పొట్లంలో, మురీ (మరమరాలు), వేడి వేడి తేలేభాజా (బజ్జీలు) తెచ్చేవారు.

ఆ జీపులో నాకు అన్నిటికన్నా ముద్దొచ్చింది హెడ్‌లైటు. దాని వెనక ఒక చెవుల నట్టు ఉంటుంది. చేత్తోనే వదులు చేసి బానెట్ ఎత్తితే, దీపాన్ని వెనక్కి తిప్పి ఇంజను మీదికి వెలుగు పడేలా పెట్టుకోవచ్చు. చీకట్లో, వానలో, చేతిలో టార్చి లేని సిపాయి కోసం ఎవరో ఇంత ఆలోచించారు! డ్రైవరు సీటు ఎత్తితే దాని కిందే పెట్రోలు ట్యాంకు. 57 లీటర్ల దాకా పడుతుంది. స్టార్టరు కాలితో తొక్కాలి. అద్దాన్ని బానెట్ మీదికి పడుకోబెట్టవచ్చు. ఆ బండిలో ఏదీ అందం కోసం పెట్టింది కాదు, అందుకేనేమో నాకు అంత అందంగా కనిపించేది.

బోల్టు తలల మీద ఇంగ్లీషు ఎఫ్ అక్షరం వెతకడం మాకు ఆట. అమెరికన్ సైన్యానికి జీపులు ప్రధానంగా రెండు కంపెనీలు చేశాయి. విల్లీస్ మూడున్నర లక్షలకు పైగా, అదే నమూనాతో ఫోర్డు రెండున్నర లక్షలకు పైగా. ఒకదాని భాగం ఇంకొకదానికి సరిపోవాలన్నది సైన్యం షరతు. ఫోర్డు వాళ్ళు మాత్రం తమ భాగాల మీద, బోల్టుల మీద కూడా ఎఫ్ అచ్చు కొట్టేవారు. ముందు బంపరు వెనక ఉండే అడ్డకమ్మీ చూసినా తెలుస్తుంది. గుండ్రటి గొట్టమైతే విల్లీస్, తిరగేసిన ఇంగ్లీషు యు అక్షరంలా ఉంటే ఫోర్డు. ఓ ఆదివారం నాన్న, మావయ్య కింద పడుకుని మొత్తం చూశారు.

"బావా, సట్రం ఫోర్డుది. పై తొట్టి విల్లీసుది. ఇంజను మీద నంబరు సూత్తే అదీ ఫోర్డే. ఏటి సేద్దాం?"

"ఏటి సేత్తావు? నడుత్తంది కదా. ఆలు యుద్ధంలో కలిపేరో, పానాగడ్‌లో కలిపేరో. మనం కలపలేదు కదా" అన్నాడు మావయ్య.

ఆ జవాబు నాకు ఇప్పటికీ నచ్చుతుంది. ఇవాళ పాతబండ్లు సేకరించేవాళ్ళు అలాంటి బండి దొరికితే నిద్రపోరు. నంబర్లు కలవాలి, బోల్టు తలలు కలవాలి. ఆ పట్టుదల వెనకున్న ప్రేమ నాకు తెలుసు. కానీ యుద్ధరంగంలోనే రెండు దెబ్బతిన్న బండ్లు కలిపి ఒక మంచి బండి చేసుకునేవారు. కలగాపులగంగా ఉండటం కూడా ఆ బండి నిజమైన చరిత్రే.

మరి అమెరికా నుంచి స్పేరు పార్టు రాని రోజుల్లో ఈ బండ్లు ఎలా నడిచాయి? దీనికి జవాబు లిలువా. 1900లో ఈస్ట్ ఇండియన్ రైల్వే ఇక్కడ క్యారేజీ, వ్యాగన్ వర్క్‌షాపు పెట్టింది. దాని గోడల లోపల కమ్మరి, వడ్రంగి, టర్నరు, ఫిట్టరు, రంగుల పనివాడు, కుర్చీలకు గుడ్డ కుట్టేవాడు, అందరూ ఉండేవారు. ఒక బోగీని చక్రం నుంచి కప్పు దాకా విప్పి మళ్ళీ కట్టగల మనుషులు వాళ్ళు. జీపు వాళ్ళ కంటికి ఆటవస్తువు. షాపు సామాను ఇంటికి తేవడం లేదు. తెచ్చింది చేతుల్లో ఉన్న విద్య.

ఆ విద్యేమిటో జీపు కమాను పట్టీలు కుంగిపోయినప్పుడు చూశాను. స్ప్రింగుల షాపులో చేసే ఛప్రా వైపు కమ్మరి ఒకాయన ఉండేవాడు. మేమంతా ఉస్తాద్ అనేవాళ్ళం. సల్కియాలో తెలిసినవాళ్ళ కొలిమి దగ్గర పట్టీలు విప్పి, ఒక్కొక్కటీ ఎర్రగా కాల్చి, పాత పట్టీ వంపు కాకుండా అది కొత్తగా ఉన్నప్పుడు ఎంత వంపు ఉండాలో కళ్ళతోనే లెక్కగట్టి కొట్టాడు. నూనెలో ముంచాడు. అప్పుడు పట్టీ గాజులా పెళుసు. మళ్ళీ నెమ్మదిగా వేడి చేస్తూ మధ్య మధ్యలో ఎండు కర్రపుల్లతో దాని మీద గీస్తున్నాడు. పుల్ల మామూలుగా గీసుకుంటే ఇంకా వేడి చాలదు. కొస కమిలి నిప్పు రవ్వ కనబడగానే పట్టీని పక్కన పెట్టేశాడు. థర్మామీటరు లేదు, గడియారం లేదు. "బోగీ మోసే పట్టీ ఇలాగే చేస్తాం, ఇదెంత" అన్నాడు హిందీలో. ఆ పట్టీలు నేను లిలువా వదిలేదాకా మళ్ళీ కుంగలేదు.

ఆయన దగ్గర తేలని పని ఉంటే హౌరా బెలిలియస్ రోడ్డుకు వెళ్ళేవాళ్ళు. రోడ్డుకు రెండు పక్కలా లేత్ మిషన్లు. ఒక్కో కొట్టు మంచం పట్టేంత. అరిగిన బుష్షు చేతిలో పెడితే సాయంత్రానికి కొత్తది చేసి ఇచ్చేవారు. అక్కడా దొరకనిది నది దాటి మల్లిక్ బజారులో. గ్యాస్కెట్టు కొనడమన్నది మా ఇంట తెలియదు. షీటు ముక్కను నేరుగా ఇంజను భాగం మీద పరిచి, గుండు సుత్తితో అంచుల వెంబడి చిన్న చిన్న దెబ్బలు కొడుతూ పోతే ఆ అంచే కత్తెరలా కోసేస్తుంది. టక్ టక్ టక్ అని ఒకే లయలో వచ్చే ఆ చప్పుడు మా వీధిలో అందరికీ తెలుసు. జీపుకున్న ఆరు వోల్టుల బ్యాటరీ చలికాలంలో మొరాయించేది. అప్పుడు హ్యాండిలు. "బొటనేలు సుట్టకు, ఏళ్ళ పక్కనే ఎట్టు" అని నాన్న నాకు నేర్పింది అప్పుడే. ఇంజను ఎదురు తిరిగితే చుట్టిన బొటనవేలు విరిగిపోతుంది.

సెప్టెంబరు 17 విశ్వకర్మ పూజ. షాపులో పెద్ద విగ్రహం, ఆకాశం నిండా గాలిపటాలు. ఆ రోజు జీపు కడిగి, బంతిపూల దండ వేసి, మా అమ్మ స్టీరింగుకు పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టేది. అమెరికాలో పుట్టిన యుద్ధం బండికి బెంగాలీ పూజారి మంత్రం, శ్రీకాకుళం పసుపు.

ఇది ఎడమ చేతి డ్రైవింగు బండి. వెనక ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాసి ఉండేది. గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద ముందు లారీ ఉంటే, డాక్టర్ బాబుకు ఎదుటినుంచి వచ్చేది కనబడదు. కుడివైపు కూర్చున్నవాళ్ళు తల బయటికి చాచి చూసి చెప్పాలి. నాన్న కూర్చుంటే ఒక్క మాట కూడా అనేవాడు కాదు. అరచెయ్యి ముందుకు ఊపితే వెళ్ళవచ్చు, అడ్డంగా పెడితే ఆగాలి. డాక్టర్ బాబు ఆ చేతిని నమ్మి తొక్కేవారు. చాలామంది జీపు యజమానులు స్టీరింగును కుడివైపుకు మార్పించుకున్నారు. మీరూ మార్చుకోండని నాన్న చెప్పినా ఆయన వినలేదు. "నువ్వున్నావుగా మిస్త్రీ" అనేవారు.

1970, 71లు లిలువాకు మంచి రోజులు కావు. నక్సల్బరీ గాలి, పోలీసుల గాలింపులు. రాత్రిపూట జీపు చప్పుడు వినిపిస్తే కిటికీలు మూసుకునేవి, కుర్రాళ్ళు గోడలు దూకేవాళ్ళు. అందుకని డాక్టర్ బాబు సందు మొదట్లోనే బండి ఆపి పొట్టి హారన్ మూడుసార్లు కొట్టి, ఆగి, మళ్ళీ మూడుసార్లు కొట్టేవారు. అది డాక్టరు బండి అని తెలిసి తలుపులు తెరుచుకునేవి. 1971 డిసెంబరులో బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. బ్లాకవుట్. బండ్లన్నిటి హెడ్‌లైట్లకు పై సగం నల్లరంగు పూశారు. మా జీపుకు మాత్రం ముందు నుంచీ యుద్ధానికని పెట్టిన సన్న చీలిక దీపాలు ఉన్నాయి. మసి పట్టిన వాటిని నాన్న తుడిచి కొత్త బల్బులు వేశాడు. ఇరవై ఏడేళ్ళ కిందటి యుద్ధం దీపం ఇంకో యుద్ధంలో వెలిగింది. ఆ వెలుతురులో ఆయన రోగుల ఇళ్ళకు తిరిగారు.

ఇక 1978 సెప్టెంబరు ఆఖరి వారం. ఆ వరద బెంగాలులో చూసినవాళ్ళెవరూ మరిచిపోలేదు. వాన ఆగకుండా కురిసింది. రైళ్ళు ఆగాయి. మా క్వార్టరు మెట్లు మునిగాయి. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. రెండో రోజు సాయంత్రం భట్టానగర్ వైపు నుంచి కబురొచ్చింది, ఒకావిడకు నొప్పులు మొదలై బిడ్డ అడ్డం తిరిగిందని. డాక్టర్ బాబు జీపు తీశారు. నాన్న వద్దనలేదు. నీళ్ళలోకి దిగేముందు బానెట్ ఎత్తి ఫ్యాను బెల్టు విప్పేశాడు. బెల్టుంటే ఫ్యాను నీళ్ళు చిలికి ఇంజను మీద పోస్తుంది, డిస్ట్రిబ్యూటరు తడిస్తే బండి అక్కడితో సరి. బెల్టు తీస్తే నీటి పంపూ ఆగుతుంది కాబట్టి ఇంజను కాగిపోకముందే గట్టు చేరాలి. డిస్ట్రిబ్యూటరుకు గ్రీజు పట్టించి, మందుల సీసాలు వచ్చిన పాలిథీన్ సంచి చుట్టి, సైకిలు ట్యూబు ముక్కతో బిగించాడు. పొగ గొట్టానికి రబ్బరు గొట్టం తొడిగి పైకెత్తి కట్టాడు. నాలుగు చక్రాలూ పట్టేలా చిన్న లివరు వేసి, తక్కువ గేరులో, కాలు యాక్సిలరేటరు మీంచి తియ్యకుండా వెళ్ళారు. నీళ్ళు తొట్టిలోకి వచ్చేశాయి. నేను డాక్టర్ బాబు మందుల పెట్టెను ఒళ్ళో పెట్టుకుని వెనక టూల్ బాక్సు మీద కూర్చున్నాను. దారిలో ఎత్తుగా ఉన్న చోటల్లా ఆపి, బెల్టు తగిలించి ఇంజను చల్లార్చి, మళ్ళీ విప్పి దిగారు. ఆవిడను బల్లతో సహా జీపులోకి ఎక్కించి ఆసుపత్రికి చేర్చాం. తల్లీ బిడ్డా దక్కారు. ఆ జీపు ఏ యుద్ధంలో ఏం చేసిందో నాకు తెలియదు. ఈ ఒక్క రాత్రి చేసింది మాత్రం నా కళ్ళారా చూశాను.

ఆ తర్వాతది త్వరగా చెప్పేస్తాను. 1973 చమురు సంక్షోభం నాటి నుంచే పెట్రోలు జీపు నడపడం భారమవుతూ వచ్చింది. చాలామంది పాత ఇంజను పీకించి ట్రాక్టరుదో, వ్యానుదో డీజిలు ఇంజను వేయించుకున్నారు. అంగుళాల బోల్టులు కొట్లలో తగ్గాయి. నాన్న రిటైరై ఊరికి వచ్చేశాడు. డాక్టర్ బాబు పోయాక పిల్లలు బండిని బేరగాడికి ఇచ్చేశారు. చట్రం ఒకరికి, ఇంజను ఒకరికి, తొట్టి మరొకరికి పోయిందని మావయ్య ఉత్తరం రాశాడు. ఆ ముక్కలతో ఇంకో మూడు బండ్లు నడిచి ఉంటాయి. పాత బండ్లకు చట్టం కూడా ఎదురు తిరిగింది. 15 ఏళ్ళు దాటిన వాణిజ్య వాహనాలను తప్పించాలని కలకత్తా హైకోర్టు 2008లో ఆదేశించింది. 2022లో హరిత ట్రిబ్యునల్ కోల్‌కతా, హౌరాల్లో 15 ఏళ్ళు దాటిన బండ్లన్నిటి మీదా దృష్టి పెట్టింది. గాలి బాగుండాలి, కాదనను. ఆస్తమా పిల్లల్ని డాక్టర్ బాబు గదిలో ఎంతోమందిని చూశాను.

ఇప్పుడు ఈ బండ్లు సేకరించేవాళ్ళ చేతుల్లో భద్రంగా ఉన్నాయి. కలకత్తాలో 1968 నుంచి జరిగే స్టేట్స్‌మన్ వింటేజి కార్ల ర్యాలీలో రాజుల కార్ల సరసన జీపులూ నిలబడుతున్నాయి. అమెరికాలో యుద్ధవాహనాలను కాపాడేవాళ్ళు 1976లోనే సంఘం కట్టుకున్నారు. ఏటా జూన్‌లో ఫ్రాన్సులోని నార్మండీ తీరానికి వందల జీపులు పాత యూనిఫారాల్లోని మనుషులతో వస్తాయి. అక్కడ వాళ్ళకు ఆ తీరమే గుర్తు, యుద్ధంలో అక్కడ సైన్యం దిగడమే గుర్తు. బండిని 1944 నాటి రూపంలో నిలపడంలో వాళ్ళకు న్యాయం ఉంది. మన దగ్గరి జీపు కథ వేరు. దాని మీద నార్మండీ యూనిట్ నంబరు రాస్తే అది అబద్ధం. అది అస్సాం వెళ్ళింది, పానాగఢ్‌లో పడుకుంది, హౌరాలో ప్రసవాలకు తిరిగింది. తేయాకు మోసింది, ఎన్నికల పెట్టెలు మోసింది, మన పాడేరు, అరకు ఘాట్లలో సంతకు జనాన్ని మోసింది. ఆ నలభై ఏళ్ళ గుర్తుల్ని రంపంతో కోసి, సానబట్టి, రంగు వేసి తుడిచేస్తే మిగిలేది ఎక్కడైనా ఉండగల బండి.

ఈ మధ్య మా మేనల్లుడితో ఇదే వాదన. విశాఖలో ఉంటాడు, పాతబండ్ల పిచ్చి. ఏజెన్సీలో ముప్ఫై ఏళ్ళు సర్వీసు తిరిగిన జీపు ఒకటి కొన్నాడు. ఫోర్డు చట్రం, డీజిలు ఇంజను, స్టీరింగు కుడివైపుకు మార్చారు, వెనక జనం వేలాడటానికి ఇనుప మెట్టు వెల్డింగు చేశారు. బండి తెచ్చిన రోజే ఫోను చేశాడు.

"అత్తా, బానెట్ మీద నక్షత్రం ఎంత సైజు వెయ్యాలో నీకు గుర్తుందా?"

"నక్షత్రం సంగతి తర్వాతరా. ఆ మెట్టు కోసెయ్యలేదు కదా?"

"రేపు కోయిస్తున్నాను."

"ఆగు. నేను వచ్చి చూసేదాకా గ్రైండరు ముట్టుకోకు."

వెళ్ళి చూశాను. ఆ మెట్టు మధ్యలో అరిగి నున్నగా ఉంది, వేల పాదాలు ఎక్కి దిగినట్టు. డాష్‌బోర్డు మీద సైన్యం బిగించిన రేకు పలకలు రెండు ఇంకా ఉన్నాయి. ఒకదాని మీద డెలివరీ తేదీ సగం చెరిగింది. ఫోర్డు అక్షరమున్న బోల్టులు వెతికి చూపిస్తే వాడి మొహం వెలిగిపోయింది. మెట్టు ఉంచమంటే మాత్రం మొహం చిన్నబుచ్చుకున్నాడు. వాడి ఇబ్బంది వాడిది. 2021 జులైలో కేంద్రం వింటేజి వాహనాలకు కొత్త నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటిన సొంత బండికి కొత్తగా రిజిస్ట్రేషన్ 20 వేలు, పదేళ్ళు చెల్లుతుంది, నంబరు ప్లేటు మీద వింటేజి అని తెలిపే రెండక్షరాలు ఉంటాయి. మంచి నిబంధనే, ఎన్నో బండ్లను తుక్కు కాకుండా ఆపగలదు. అయితే బండి అసలు రూపంలోనే ఉండాలంటుంది. చట్రం, బాడీ, ఇంజను మార్చినదై ఉండకూడదు. ఆ లెక్కన మన దేశంలో నిజంగా పనిచేసి బతికిన జీపుల్లో చాలావాటికి ఆ గౌరవం దక్కదు. వాడకుండా షెడ్డులో మూసిపెట్టిన బండికి, లేదా మారుమూల ముక్కలన్నీ వెతికి మళ్ళీ కట్టిన బండికి దక్కుతుంది. మార్పు జరిగి ముప్ఫై ఏళ్ళు దాటిందని కాగితాలు చూపించగలిగితే, ఆ మార్పును కూడా బండి అసలు రూపంగానే లెక్కవెయ్యాలి. ఈ నిబంధనను ఎప్పుడైనా సవరిస్తే సవరించవలసింది ఇక్కడే.

వాడూ నేనూ చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. మెట్టు కోసెయ్యడు. పాత యజమానుల పేర్లున్న రిజిస్ట్రేషను పుస్తకం, ఏజెన్సీలో నడిపిన డ్రైవరు చెప్పిన సంగతులు, మార్పులు చేసిన మెకానిక్కు చెప్పినవి ఒక ఫైలులో రాసిపెడతాడు. రంగు మాత్రం ఆకుపచ్చ వేస్తానన్నాడు, సరేనన్నాను. పాత పెట్రోలు ఇంజను కోసం కోయంబత్తూరు దాకా వాకబు చేస్తున్నాడు. అది దొరికి బిగించినా, ఈ డీజిలు ఇంజన్ని తుక్కుకు వెయ్యొద్దన్నాను. పెట్టుకోవడానికి చోటు లేదన్నాడు. మా పెరటి వరండాలో ఉంది, లారీ మాట్లాడి పంపించమన్నాను.